దారిలో ఆగిన మాట

"నేను తనను పల్లెత్తు మాట అనలేదు మేడమ్. తన ఎలుకల జోలికి పోలేదు. మెహర్ వెళ్లిపోతుంటే తప్పు నాదెలా అవుతుంది?" అని సువర్చల అడిగింది.

ప్రొఫెసర్ వింధ్యావళి మనుషుల గురించి వాదించే మనిషి కాదు. మగ ప్రొఫెసర్ల మధ్య మోచేతులతో దారి చేసుకుని ల్యాబ్ పెట్టిన ఆమె, మెచ్చుకోలు దగ్గర నోరు కట్టేసుకోవడం కూడా వాళ్ల దగ్గరే నేర్చుకుంది. ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్న రోజుల్లో మాత్రం, సీనియర్ అయిన సువర్చలకు ఫోన్ చేసినప్పుడల్లా, "మెహర్ పని బాగుంది, అలాగే సాగించమను" అని చెప్పేది. ఆ మాట మెహర్‌కు చేరలేదు. కొత్తగా చేరిన ఆ పిల్ల, తన పని ఎవరి కంటికీ ఆనడం లేదనుకుని, పీహెచ్‌డీ మానేస్తానని వింధ్యావళితో చెప్పడానికి వచ్చినప్పుడు సంగతి బయటపడింది. ఇప్పుడు హాస్టల్లో పెట్టె సర్దుకుంటోంది.

ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు ఓర్వలేకపోతే ఆ విభాగంలో కారిడార్ అంతా నవ్వుకుంటుంది. మగవాళ్ల మధ్య అదే జరిగితే పోటీతత్వమని పేరు పెడుతుంది. సువర్చలకు అదీ తెలుసు. అయినా ఫోన్లో మెహర్ పేరు వినబడితే చాలు, ఒళ్లంతా కారం రాసుకున్నట్టుండేది.

వింధ్యావళి ఆమెను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. రెండు ఎలుకల ప్లీహాల నుంచి కోసిన పలుచని ముక్కలు. ఒకదాంట్లో, రోగాలతో పోరాడే బి కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. యాంటీబాడీ ఎక్కించిన ఎలుకలో ఆ చోటు దాదాపు ఖాళీ.

"వీటిని ఏది చంపింది?"

"యాంటీబాడీ, మేడమ్."

"కణాన్ని ముట్టుకుందా?"

"లేదు. బతకమని చెప్పే ప్రోటీన్ ఒకటి బయటినుంచి కణానికి అందుతూ ఉండాలి. యాంటీబాడీ దాన్ని దారిలోనే పట్టేసుకుంటుంది. అది అందక కణం తనంతట తానే..."

సువర్చల ఆగిపోయింది. మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే అంది:

"ఇన్నేళ్లలో నా పని ఒక్కసారైనా బాగుందన్నారా మేడమ్? తనకోసమైతే కుట్లు ఆరకముందే ఫోన్లు చేశారు."

వింధ్యావళి కోటు విప్పి కుర్చీ మీద వేసింది.

"అనలేదు. పద, ఆ పిల్ల ఆటో ఎక్కకముందే హాస్టల్‌కు పోదాం. మనిద్దరిలో ఎవరు ముందు నోరు విప్పాలో దారిలో తేల్చుకుందాం."