తాటివనానికి వీపు

బుచ్చిరాములు గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, పని చెప్తారు. దుఃఖమెందుకయ్యా అన్నవాడి చేత బావిలో నీళ్ళు తోడించేవారు, మోక్షమెప్పుడయ్యా అన్నవాడి చేత వాకిలి ఊడ్పించేవారు. "ఆ మఠంల నోరు తెరిస్తే చీపురు చేతికొస్తది" అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. ఆయన ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. చెప్పేది పరిపూర్ణ బోధ అనే వేదాంతం. శిష్యులంతా కాయకష్టం చేసుకునేవాళ్ళే కాబట్టి సాయంత్రం పని దిగి, కాళ్ళు కడుక్కుని వచ్చి వినేవాళ్ళు. ఒక్క పోశాలు మాత్రం పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు. అతనికి దిగడానికి పని లేదు మరి.

పోశాలు గౌడు. తాతముత్తాతల నుంచీ తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇల్లు. పోయినేడు వానల్లో మోకు జారి చెట్టు మీదనుంచి పడ్డాడు. మోకంటే చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే తాడు. గీసేవాడి ప్రాణమంతా దాని మీదే. తొడ ఎముక విరిగి మంచాన పడ్డవాడు పొద్దుపోక తత్వాలు వినడం మొదలుపెట్టాడు. దసరాకల్లా ఎముక అతికింది. నడక వచ్చింది, ఉరుకు కూడా వచ్చింది. చెట్టెక్కడం మాత్రం రాలేదు. మోకు ముట్టుకుంటే చాలు, వేళ్ళు వణికేవి, వీపంతా చెమట పట్టేది. "బోధ పూర్తి గానీ, మనసు కుదుటపడనీ, అప్పుడెక్కుత" అనేవాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట అని ఊరు ఎత్తిపొడిచింది. అదీ అన్యాయమే. అతను చదివింది దొంగచదువు కాదు, కళ్ళలో వత్తులేసుకుని చదివాడు. పడ్డవాడి భయం గట్టున నిలబడ్డవాళ్ళకేం తెలుస్తుంది! ఇల్లు పెళ్ళాం సత్తెమ్మ చుట్టే బీడీల మీద నడుస్తోందని అతనికి తెలుసు. ఆమె అన్నం పెట్టి పక్కకు తిరిగి మళ్ళీ బీడీల చాట ఒళ్ళోకి లాక్కుంటుంటే సగం తిని లేచిపోయేవాడు. పడ్డనాడే పోయినా పీడ వదిలేది అనుకునేవాడు.

మఠం వసారాలో కూర్చుంటే ఎదురుగా తాటివనం కనిపిస్తుంది. పోశాలు ఎప్పుడూ దానికి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఒకనాడు దిగులు పట్టలేక అడిగేశాడు. "అయ్యా, ఈ భయం ఎన్నడు పోతది? కాలు మానింది గని లోపలి దెబ్బ మానలే. అది మాననీ, నా అంతట నేనే పనికి పోత."

గురువుగారు, "నీ చెట్టు కల్లు ఓ లొట్టెడు పట్టుకరా" అన్నారు.

పోశాలు తెల్లబోయాడు. లొట్టంటే కల్లు కుండ. ఆయనేమో కల్లు ముట్టే మనిషి కాదు. "నా చెట్లెక్కడియి అయ్యా? గీసేటోడు లేక ఎన్నడో ఎండినయి" అన్నాడు.

"పొయ్యి చూసినవా?"

పోశాలు చూడలేదు. ఆ దారే తొక్కలేదు.

"చూసి రా" అన్నారు గురువుగారు.

తాటిగెల సంగతి ఆ ఊళ్ళో అందరికీ తెలిసిందే. పూటపూటకూ ఎక్కి దాని కొస పల్చగా చెక్కుతూ ఉండాలి. గాయం పచ్చిగా ఉన్నన్నాళ్ళే కల్లు కారుతుంది. నాలుగు రోజులు వదిలేశామా, కొస ఎండి గాయం మూసుకుపోతుంది. ఇక ఆ గెలను ఎంత చెక్కినా చుక్క రాలదు. ఇదంతా పుట్టుకతో తెలిసినవాడే కనక, ఎండిన గెలలు చూడ్డానికే పోతున్నాననుకుని, శవాన్ని చూడబోయేవాడిలా మర్నాడు పొద్దున కాళ్ళీడ్చుకుంటూ వనానికి వెళ్ళాడు.

తను పడ్డ చెట్టు దగ్గరికి వచ్చి తలెత్తాడు. పైన ఎవరో ఉన్నారు. మట్టల సందున బక్క కాళ్ళు, వంగిన వీపు. తన తండ్రి లచ్చుమయ్య! కండ్లకు పొరలొచ్చి, గడప దాటాలంటే గోడ తడుముకునే ముసలాయన. రోజూ మేకల కాడికని చెప్పి వెళ్తున్నది ఇక్కడికన్నమాట.

"నాయినా" అని కేక నోటిదాకా వచ్చింది. కానీ చెట్టు మీదున్నవాణ్ణి కిందినుంచి పిలవకూడదు. గీసే ఇళ్ళల్లో పిల్లలకు నడకతోపాటు నేర్పే మాట అది. ఉలిక్కిపడితే అంతే సంగతులు. పోశాలు భుజం మీది తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. ముసలాయన కాలు మట్ట కోసం గాలిలో తడుముకుంటోంది. దొరకడం లేదు. ఎల్లమ్మ తల్లీ, ఎల్లమ్మ తల్లీ అని లోపల్లోపలే మొక్కుకున్నాడు. చదివిన తత్వాల్లో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. ఎట్టకేలకు తండ్రి పాదం నేల తాకాక పోశాలు ఉన్నచోటే కూలబడ్డాడు.

"మేకల కాడికంటివి గదనే నాయినా!"

"గెల ఆరితే మల్ల పారదు బిడ్డా" అన్నాడు లచ్చుమయ్య, తప్పు చేసి దొరికినవాడిలా. "నువ్వొచ్చేదాక తడి ఆరనియ్యొద్దని గీస్తున్న. ఇయ్యాల కండ్లు మసకలొచ్చి కత్తి లోతుకు వోయింది. ఈ గెల తెగిపాయె. తక్కినయి ఎన్నడో ఆరినయి, నాతోని కాలే. ఆ ఒడ్డు మీదిది ఒక్కటే మిగిలింది. అదొక్కటి గీసొస్త."

పోశాలు లేచి మోకు మీద చెయ్యి వేశాడు. వేళ్ళు వణికాయి. చూపు ఆననివాడే అయినా తండ్రికి ఆ వణుకు తెలిసింది. "నీకింక బాగ కాలేదు తియ్యి. గురువు ఎదురుచూస్తుండొచ్చు, నువ్వు పో" అని లొట్టి కొడుకు చేతిలో పెట్టి, మోకు తన భుజానికే వేసుకున్నాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆ మాటతో పోశాలుకు ప్రాణం లేచొచ్చింది.

దారంతా ఏడుస్తూనే వచ్చాడు. లొట్టిలో అడుగు తడిసేంత కల్లే ఉంది. దాన్ని గురువుగారి ముందు పెట్టి, వసారాలో తన చోట తాను కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"తెలిసిందయ్యా! ఇన్నాళ్ళకు తెలిసింది. దెబ్బ మానినంక పోత అనుకున్న. మానిన గెలకు కల్లెక్కడిది? పచ్చి గాయంతోనే పారాలె. మనిషి బతుకింతే. మా నాయిన నా కోసం పానం పెట్టి గీస్తుండు, నేను ఈడ కూసోని తత్వాలు చదువుతున్న. నా అసుంటి పాపి ఉంటడా అయ్యా!"

ఎంత చక్కగా చెప్పాడంటే, అన్నేళ్ళ శిష్యుల్లో బోధ అంత బాగా వంటబట్టినవాడు మరొకడు లేడు. చెప్పి, కళ్ళు తుడుచుకుని, మంచి మాట ఏదైనా అంటారేమోనని గురువుగారి ముఖంలోకి చూశాడు.

ఆయన అతని వైపు చూడటం లేదు. లొట్టి వైపూ చూడటం లేదు. పోశాలు భుజం మీదుగా, వనం ఒడ్డున ఉన్న చెట్టు కొస వైపు కళ్ళు చికిలించి చూస్తున్నారు.

"మోకు ఎవరి దగ్గరున్నది బిడ్డా?" అన్నారు.