చిలుక రంగు గోడ

అనగనగా శంఖపురాన్ని ఏలే ఒక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. ముగ్గురే ఎందుకని అడక్కండి, కథల్లో రాజులకు ఎప్పుడూ ముగ్గురే. పెద్దవాడు కత్తి తిప్పడం నేర్చాడు, నడిమివాడు గుర్రపుస్వారీ నేర్చాడు. చిన్నవాడు మణిధరుడు మాత్రం కోటకు సున్నం వేసేవాళ్ల వెంట తిరిగి గోడల పని నేర్చాడు. రాజుకు అది నామోషీగా ఉండేది.

ఇలా ఉండగా ధూమకేశుడనే మాంత్రికుడు కుంకుమవల్లి అనే రాకుమారిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. విడిపిస్తానని పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇక మణిధరుడు బయలుదేరాడు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, మూడు దాటాడు. ఏడోది దాటేసరికి అన్నల మీద బెంగ తప్ప ఒంట్లో ఇంకేమీ మిగల్లేదు.

అవతలి ఒడ్డున, తన కోట వాకిట్లోనే ఎదురైన మాంత్రికుడు అతని చేతులు చూశాడు. సున్నం తిన్న వేళ్లు.

"గోడల పనివాడివా? నాకు మూడు గోడలున్నాయి. మబ్బుల్లాంటిది ఒకటి కావాలి, పాలరాయిలాంటిది ఒకటి, నా చిలుక రెక్కల్లాంటిది ఒకటి. మూడూ కుదిరితే నీవాళ్లను తీసుకుపో. ఒక్కటి తప్పినా నువ్వూ రంగుపొడివైపోతావు," అని మూడు కుండలు ముందు పెట్టి వెళ్లాడు. వాటినిండా రంగుపొడులు: నీలం, పసుపు, ఎరుపు.

మణిధరుడు నీలం కుండలో చెయ్యి పెట్టబోతే దూలం మీద ఉడుత అరిచింది.

"ముట్టుకోకు నాయనా. నీలం మీ పెద్దన్న, పసుపు మీ చిన్నన్న, ఎరుపు ఆ రాకుమారి. గోడకెక్కితే మళ్లీ మనుషులు కారు."

మణిధరుడు నేల మీద చతికిలబడ్డాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. కాసేపటికి లేచి సున్నంలో మసి కలిపి, నలిపిన తడిగుడ్డతో అద్దుతూ మబ్బుల గోడ చేశాడు. మర్నాడు ఈకతో సన్నని చారలు గీసి, నున్నటి గులకరాయితో రుద్ది రుద్ది పాలరాయి గోడ చేశాడు. భుజాలు పడిపోయాయి.

మూడో రోజు రంగు చూసుకోవడానికని చిలుకను అడిగాడు. మాంత్రికుడు తన చెయ్యి తగిలితే తప్ప తెరుచుకోని పంజరంలో దాన్ని తెచ్చిపెట్టి వెళ్లాడు.

"వాడి ప్రాణం నాలోనే ఉంది," అంది చిలుక మెల్లగా. "వాడి చెయ్యి కొడితే తప్ప అది పోదు. మూడొందల ఏళ్లుగా మోస్తున్నాను బాబూ, అలిసిపోయాను."

అలసట సంగతి మణిధరుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. చిక్కుడాకు పసరు తీసి సున్నంలో కలిపాడు. ఉడుత తన తోక ముంచి ఇచ్చింది. తోకతో అద్దినచోటల్లా ఈక మీద ఈక లేచింది. సున్నం తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే లేతబడుతుంది. అది పనివాళ్లకు తెలుసు, మాంత్రికులకు తెలియదు.

మాంత్రికుడు వచ్చి పచ్చిగోడ చూసి నవ్వాడు. "ఇదా నా చిలుక రంగు? తేడా నువ్వే చూడు," అని పంజరం తెరిచి, చిలుకను గోడకున్న చిలక్కొయ్య మీద కూర్చోబెట్టాడు.

"ఒక్క గడియ ఆరనివ్వండి," అన్నాడు మణిధరుడు.

గోడ ఆరింది. చిలుక ముక్కు రెక్కలో దాచుకుని కళ్లు మూసుకుంది. ఇక చూడబోతే చిలుక లేదు, గోడనిండా ఈకలే ఉన్నాయి.

"నా చిలుకేదీ?" మాంత్రికుడు గోడంతా తడిమాడు. దొరక్క, రెండు చేతులతో బాదడం మొదలుపెట్టాడు. మూడో దెబ్బ చిలుకకు తగిలింది. వాడు నిలబడినచోటే కూలిపోయాడు. చిలుక కింద పడి, కాసేపటికి లేచి రెక్కలు విదిల్చుకుంది. మోసిన బరువు పోయి సొంత ప్రాణం మిగిలింది.

కుండల్లోంచి అన్నలిద్దరూ, కుంకుమవల్లీ లేచొచ్చారు.

"ఏం తమ్ముడూ, ఇంత చిక్కిపోయావు?" అన్నాడు పెద్దన్న. అప్పుడొచ్చింది మణిధరుడికి ఏడుపు.

శంఖపురంలో మణిధరుడికీ కుంకుమవల్లికీ పెళ్లయింది. కోటంతా మబ్బులూ పాలరాళ్లూ వేయించమన్నాడు రాజు.

"అలాగే నాన్నగారూ. ముందు నన్ను నిద్రపోనివ్వండి," అని మణిధరుడు మూడు రోజులు నిద్రపోయాడు. తర్వాత కోట గోడలన్నీ తీర్చిదిద్దించాడు.

"మన గదికి మాత్రం ఏ రంగూ వద్దు. ఏడాదిపాటు నేనే రంగునై ఉన్నాను, ఇక చాలు," అంది కుంకుమవల్లి. దానికి ఒట్టి తెల్లసున్నమే వేశారు.

మణిధరుడు చాలా ఏళ్లు రాజ్యమేలాడు. అలసిపోయిన సాయంత్రాలు ఆ గదిలో కూర్చునేవాడు. చిలుక వచ్చి ఎదురుగోడ మీద చిలక్కొయ్యపై వాలేది. ఆ తెల్లగోడ ముందు అది వాకిట్లోంచి కూడా కనిపించేది. దాన్ని మళ్లీ ఎవరూ వెతకాల్సిన పని లేకపోయింది.