పలకని ల్యాప్‌టాప్

శ్రీకర్ కట్టిన ప్రోగ్రాం అతని కంప్యూటర్లో చక్కగా మాట్లాడింది. అనసూయమ్మ గారి ల్యాప్‌టాప్‌లో మాత్రం నోరు విప్పలేదు.

అతను ఆదోనిలో రహంతుల్లా సారు దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు. గొంతు ఆపరేషన్ తర్వాత అనసూయమ్మ గారికి మాట పోయింది. పెద్దవాళ్లకైతే పలక మీద రాసి చూపించేవారు. మూడేళ్ల మనవరాలికి చదవడం రాదు. టైపు చేసింది పైకి చదివే ప్రోగ్రాం పెట్టివ్వమని ఆమె కొడుకు సారును అడిగాడు. సారు ఆ పని శ్రీకర్‌కు అప్పగించారు.

"రెడీ ప్యాకేజీ ఉంది. ఒక్క కమాండ్ ఇస్తే కావలసిన లైబ్రరీలన్నీ అదే తెచ్చుకుంటుంది," అన్నారు.

"ఎవరో కట్టింది తెచ్చి పెట్టడంలో మన పనేముంది సార్? సోర్స్ కోడ్ నుంచి అన్నీ నేనే కడతాను."

సారు సరేనన్నారు.

తన కంప్యూటర్లోని లైనక్స్‌లో కుదిరిన లైబ్రరీ, అంటే ప్రోగ్రాం ఆధారపడే కోడ్ భాగం, ఆమె పాత విండోస్‌లో కుదరలేదు. దాన్ని సరిచేస్తే ఇంకోటి కావాలంది. ఆ ఇంకోటి కట్టబోతే మరోటి అడ్డం పడింది. వారాలు గడిచాయి. ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా, "అయిపోవచ్చిందన్నా," అనేవాడు శ్రీకర్. ఆ మాట అబద్ధమని అతననుకోలేదు.

ఒక ఉదయం ఆ కొడుకే వచ్చాడు. గుండుతో ఉన్నాడు.

శ్రీకర్ లేచి నిలబడ్డాడు.

"ల్యాప్‌టాప్ మీ దగ్గరే ఉంచండి సార్, ఎవరికైనా పనికొస్తుంది," అన్నాడు వచ్చినతను, సారుతో. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "నానమ్మకు నా మీద కోపమా, ఎందుకు మాట్లాడలేదు అని పాప ఇంకా అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియట్లేదు."

అతను వెళ్లాక సారు ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. ఒక్క లైను కొట్టారు. స్క్రీన్ మీద అక్షరాలు కాసేపు పరిగెత్తి ఆగిపోయాయి. బల్ల మీద టీ ఇంకా చల్లారలేదు.

సారు నెమ్మదిగా టైపు చేశారు.

"కోపం లేదు తల్లీ," అంది ల్యాప్‌టాప్.

శ్రీకర్ గోడ వైపు తిరిగాడు.

"మొదటి రోజే మీరు పెట్టేసి ఉండొచ్చు కదా సార్."

"ఉండొచ్చు," అన్నారు సారు. "నువ్వు నేర్చుకుంటున్నావు కదా అని ఊరుకున్నాను. అక్కడ ఆమె కాచుకుని ఉందని ఇద్దరం మరిచిపోయాం."