దాలయ్య వేసిన వెడల్పు మొన

ఏళ్ళు లెక్కపెట్టాలని ఎవరికీ తోచని కాలంలో, ఏరు ఎటు పారితే బతుకు అటు నడిచే చోట, గరికివలస అని ఒక ఊరు ఉండేదట. ఆ ఊరి దొర మేడలో పచ్చగుడ్డ పరిచిన పెద్ద బల్ల ఒకటి. దాని మీద బంతుల్ని పొడుగు కర్రతో పొడిచి చిల్లుల్లో పడెయ్యాలి. ఇప్పుడు పూల్ అంటున్నారు గానీ అప్పుడు కర్రాట అనేవారు.

కర్ర కొసకి తోలు బిళ్ళ అంటించాలి. అంటించేవాడు దాలయ్య, చెప్పులు కుట్టేవాడు. గడప దాటకూడదు. గడప బయటే కూచుని తోలు కోసేవాడు, అంటించేవాడు, అరగదీసేవాడు. దొర ఆడేవాడు, దాలయ్య చూసేవాడు.

ఒక ఏడు వానల్లేక ఏరు సన్నబడింది. ఎగువనున్న రాళ్ళపేట దొర వచ్చి, "మూడు రోజులు, మూడాటలు. రెండు గెలిచినవాడికే ఈ ఏడు ఏటి నీళ్ళు" అన్నాడు. మన దొర మీసం దువ్వి సరేనన్నాడు.

గడప బయటున్న దాలయ్య ఆ మాట విన్నాడు. వాడలో కుండలన్నీ ఆ నీళ్ళతోనే నిండాలి మరి.

రాళ్ళపేట దొర కర్ర మొన కందిగింజంత. ఆయన పొడిస్తే బంతి బొంగరంలా తిరిగి, అనుకున్న చోటికే పోయేది.

"ఒరే దాలిగా, నాకూ కందిగింజంతే కావాలి" అన్నాడు మన దొర.

మొదటిరోజు ఆటకి ముందు నౌకరు నిండు చెంబుతో మంచినీళ్ళు తెచ్చాడు. దొర అందుకున్నాడు. మూడు చుక్కలు ఒలికాయి. దాలయ్య చూశాడు. చెబుదామంటే ఆయన దొర, తను దాలిగాడు. ఆటలో చెయ్యి వెంట్రుకవాసి వణికింది. సన్న మొన టిక్కున జారింది. దొర ఓడాడు.

"ఇంకా సన్నం చెయ్యరా!"

రెండోరోజు చెంబులోంచి చారెడు నీళ్ళు ఒలికాయి. దాలయ్య శనగగింజంత కొస ఉన్న కర్ర తీసి, తోలు అంచుకి దీపం మసి పూశాడు. చూసేవాళ్ళకి మొన సన్నంగానే కనబడింది. దొర ఒక్క బంతి తేడాతో గెలిచాడు.

"చూశావా, సన్న మొన మహిమ!"

"చిత్తం దొరా" అన్నాడు దాలయ్య.

మూడోరోజు చెంబు నీళ్ళు ఒలికి దొర చొక్కా ముందంతా తడిసింది. ఈసారి చింతపిక్కంత కొస ఉన్న కర్రే కావాలి. దాన్ని ఏ మసీ దాచదు. అయినా దాలయ్య తోలు కోసి అంటించాడు.

కర్ర చూసి దొర కళ్ళెర్ర చేశాడు. "ఇదేంట్రా, పొడవడానికా, దంచడానికా?"

రాళ్ళపేట దొర పకపకా నవ్వాడు. "రోకలి ఇచ్చాడు బావా! వడ్లు కూడా తెప్పించు!"

దాలయ్య గడప మీద తల ఆనించాడు. గొంతు దించి చెప్పాడు. "నిన్నటిదీ సన్నం కాదు దొరా, మసి పూశాను. సన్న మొన బంతిని బాగా తిప్పుతుంది, తప్పు ఓర్చదు. వెడల్పు మొన అంత తిప్పదు, కాస్త తప్పు ఓరుస్తుంది. ఇవాళ తమకి ఓర్చేది కావాలి. ఓడితే నా చేతులు తీయించండి."

దొర చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి వణుకుతోంది. దాన్ని తనే చూసుకుని, మెల్లగా దించి, కర్ర తీసుకున్నాడు.

ఆట ఆఖరి బంతికొచ్చింది. దొర గురి పక్కకి పోయింది. దాలయ్య కళ్ళు మూసుకున్నాడు. సన్న మొనయితే జారేదే. వెడల్పు తోలు అంచున పట్టి నిలిచింది. బంతి తిన్నగా వెళ్ళి, చిల్లు దగ్గర తటపటాయించి, పడింది.

"నా చెయ్యే చెయ్యి!" అని దొర కేకేశాడు. దాలయ్యని ఎవరూ అడగలేదు. అతను కాలవ దగ్గరికెళ్ళి దోసిలి పట్టి తాగాడు. ఆ తరవాత కొన్నాళ్ళకి కన్నుమూశాడు.

అతని చోట కొత్తగా వచ్చినవాడు కర్రాట ఆడేవాళ్ళందరికీ కందిగింజంత మొనలే వేశాడు. కర్రలు జారాయి, గుడ్డ చిరిగింది, మనుషులు ఒకరినొకరు తిట్టుకున్నారు. అప్పటికి ముసలివాడైన మన దొర అందరినీ పిలిచి, "ఆ రోజు గెలిచింది నా చెయ్యి కాదు. నా చెయ్యి వణికింది. దాలయ్య ఓర్చాడు" అన్నాడట.

ఇవాళ్టికీ ఆ వైపు కర్రాట ఆడేవాళ్ళు ముందు నిండు చెంబు పట్టుకుంటారు. నీళ్ళు ఒలికితే వెడల్పు మొన తీసుకుంటారు. దానికి ఎవరూ నవ్వరు. ఒలికిన నీళ్ళు ఎవరూ తుడవరు కూడా.

"ఉండనీ, దాలయ్య తాగుతాడు" అంటారు.