చేతికి అందిన ఆసిలోస్కోప్

పూసపాటిరేగ హైవే పక్కన కార్లు బాగుచేసే షెడ్డు ఒకటుంది. దాన్ని నడిపే పైడయ్యకీ, తమ్ముడు సింహాచలానికీ తమ తెలివి మీద మహా గురి. సింహాచలానికైతే మరీను. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు. సొంత బుర్ర వాడితేనే పనులు పాడయ్యేది" అనేవాడు. ఆ మాట విని పైడయ్య కూడా బుర్ర వాడడం మానేశాడు.

ఓ రోజు నర్సు సుభద్రమ్మ, కారు దారిలో ఆగిపోతోందని తెచ్చింది. ఆ వారంలోనే ఊళ్ళు తిరిగి పిల్లలకి టీకాలు వెయ్యాలి. అన్నదమ్ములు ఇంజను ముందు నిలబడి చాలాసేపు చూశారు. ఇంజనూ వాళ్ళని చూసింది. అంతే.

సింహాచలం విజయనగరంలో కార్ల కరెంటు పని చేసే కాసిం భాయ్‌కి ఫోన్ చేశాడు.

"ఆసిలోస్కోప్ ఉంటే చిటికెలో తేలుతుంది" అన్నాడు కాసిం. "తీగలో కరెంటు ఎలా పోతోందో తెర మీద అలలా చూపిస్తుంది. బండి పనికి ఒకేసారి రెండు అలలు చూపించే రెండు ఛానెళ్ళది చాలు. చేతికి అందేది చూసి కొనుక్కో."

ఇంకేముంది, సింహాచలం విశాఖపట్నం వెళ్ళాడు. దుకాణదారు పై అరలో ఉన్న చిన్న పెట్టె చూపించి, "ఇది చౌక. మెకానిక్కులు ఇదే పట్టుకెళ్తారు" అన్నాడు. సింహాచలం చెయ్యి చాచాడు. మునివేళ్ళ మీద నిలబడ్డాడు. అందలేదు.

"ఉండండి, నేను తీసిస్తాను."

"మీ చేతికి అందితే ఏం లాభమండీ? నా చేతికి అందాలి."

బల్ల మీద కాలేజీ ల్యాబు కోసం తెప్పించిన పెద్దది ఉంది. అది సుబ్బరంగా అందింది.

"ఇది నాలుగు ఛానెళ్ళదండీ, బాగా ఖరీదు."

"నాకు రెండు చాలు. మిగతా రెండూ మీరే ఉంచుకోండి."

దానికోసం షెడ్డులోని జాకీ, కంప్రెసరు అమ్మేశారు.

"దాని నల్ల క్లిప్పు గ్రౌండుకి పెట్టు" అన్నాడు కాసిం ఫోనులో. అంతే, కారుని తాడుతో ట్రాక్టరుకి కట్టి హైస్కూలు గ్రౌండుకి లాక్కెళ్ళారు. స్కూల్లోంచి కరెంటు వైరు లాగి పెట్టె ఆన్ చేసి, క్లిప్పు తీసుకెళ్ళి క్రికెట్ వికెట్టుకి తగిలించారు. తెర మీద అడ్డగీత తప్ప ఏమీ లేదు.

"అల లేదు భాయ్."

"కనబడేదాకా వదలకు."

పైడయ్య గడ్డం గోక్కున్నాడు. "అలలు గ్రౌండులో ఎందుకుంటాయిరా? మన పక్కనున్న చింతపల్లి సముద్రంలో కదా ఉండేది."

అన్నయ్య తెలివికి సింహాచలం కళ్ళు చెమర్చాయి. ట్రాక్టరు సముద్రం దారి పట్టింది.

"ఇప్పుడు వచ్చిందా అల?" అడిగాడు కాసిం.

"ఒకటి కాదు భాయ్, వరసగా వస్తున్నాయి. ఒకే తీరున, నిండుగా."

"అయితే ఆ అల పంపే సెన్సారు బాగానే ఉంది. మురికి పట్టుంటుంది. శుభ్రంగా కడుగు."

సెన్సారొక్కటీ ఏం కడుగుతాం, పైగా ఇన్ని నీళ్ళుండగా? ట్రాక్టరు నుంచి విప్పి, కారు మొత్తాన్ని నీళ్ళలోకి తోశారు. తాడు కొస సింహాచలం చేత్తో పట్టుకున్నాడు. ఆటోలో వెతుక్కుంటూ వచ్చిన సుభద్రమ్మ టీకాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఇసకలో కూలబడింది.

"కంగారు పడకండి అమ్మగారూ, కడుగుతున్నాం" అన్నాడు పైడయ్య.

పెద్ద అలొకటి వచ్చి వెనక్కి మళ్ళింది. కారు దాని వెంట కదిలింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఏమయ్యా, బండి పోతోందా?"

"పోతోంది భాయ్" అన్నాడు సింహాచలం గర్వంగా. "ఎవరూ తొయ్యకుండానే పోతోంది."

"ఎక్కడా ఆగడం లేదు కదా?"

"లేదు."

"హమ్మయ్య. ఇంక వదిలెయ్."

సింహాచలం తాడు వదిలేశాడు.