నేలతంగేడు సుంకమ్మ

వానలు చెప్పిన నెలకే కురిసే కాలమట. నిజమో కాదో నాకు తెలియదు, మా అవ్వ అలాగే మొదలుపెట్టేది. ఆ కాలంలో ఎర్రనేలల వైపు ఒక ఊరు. ఆ ఊళ్లో సుంకమ్మ అని ఒక ఒంటరి ముసలమ్మ. బీడు చేలల్లో నేలతంగేడు ఆకు కోసి, నీడలో ఎండబెట్టి, సంతలో అమ్ముకునేది. కడుపు బిగుసుకుపోయి విరేచనం కానివాళ్లకు ఆ ఆకును మించింది లేదు.

అడగ్గానే ఇచ్చేదా? ఇచ్చేది కాదు. ఎవరొచ్చినా ముందు మూడు మాటలు అడిగేది.

"జరముందా? కడుపులో నొప్పుందా? నెల తప్పినావా?"

మగవాళ్లను కూడా మూడోది అడిగేదని జనం నవ్వేవాళ్లు. మూడింటికీ లేదంటేనే ఆమె చేయి గోనెలోకి పోయేది. మూడు వేళ్లకు వచ్చినంత ఆకు. వేడినీళ్లలో నానేసి తాగాలి, మూడు రోజులకు మించి తాగకూడదు. అంతటితో ఊరుకునేదా!

"మా ఉరుకుందప్పకు జరము, కడుపునొప్పి. కడుపు బిగుసుకుందేమోలే అని నేనే దోసెడు ఆకు కాచి తాపినా. మూడు పూటల్లో మొగుడు లేడు. నా చేతులారా పోగొట్టుకున్నా. ఇన్నావా? ఇంగ తీస్కపో."

ప్రతి సంతలోనూ ఇదే. ప్రతి మనిషికీ ఇదే. పక్క అంగడివాడు ఏమీ అడక్కుండా పిడికెడు ఇచ్చేవాడు, అందరూ అతని దగ్గరికే పోయేవాళ్లు. గాజులమ్మే గౌరక్క అయితే మూతి వంకర పెట్టి, "నా చేతులారా పోగొట్టుకున్నా" అని సుంకమ్మలాగే సాగదీసి సంతంతా నవ్వించేది. సుంకమ్మ వినేది, వచ్చిన మనిషిని మళ్లీ ఆ మూడు మాటలే అడిగేది. అలాంటి తప్పు చేస్తే మనమైతే గొంతు దాటనిస్తామా? ఆమె రోజూ పదిమందికి చెప్పుకుంది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

కొన్నాళ్లకు సుంకమ్మ చనిపోయింది.

ఏడాది తిరక్కముందే గౌరక్క కూతురు కడుపు పట్టుకొని మంచాన పడింది. ఒళ్లు కాలిపోతోంది.

"మూడు దినాలాయ బయటికి పోక. ఇది తాపు, సరిపోతాది," అని గౌరక్క మొగుడు పిడికెడు ఆకు తెచ్చాడు.

గౌరక్క కాచి గిన్నె పట్టింది. పిల్ల నోరు తెరవలేదు. నవ్వించి తాపుదామని గౌరక్క సుంకమ్మ గొంతు పెట్టింది.

"జరముందా? కడుపులో నొప్పుందా?"

పిల్ల నవ్వలేదు.

"ఉండాదిమా. రెండూ ఉండాయి."

గౌరక్క చేయి ఆగిపోయింది. గిన్నె తీసుకెళ్లి వాకిట్లో పారబోసింది. బండి కట్టించి పిల్లను పట్నం వైద్యుడి దగ్గరికి చేర్చింది. ఆయన పొట్ట తడిమి చూశాడు.

"పేగు వాచింది తల్లీ. విరేచనానికి ఇచ్చుంటే పిల్ల దక్కేది కాదు," అన్నాడు.

చాలా రోజులు పట్టింది, కాని పిల్ల లేచి తిరిగింది. ఆ మరుసటి సంతలో గౌరక్క గాజులు పరచలేదు. సుంకమ్మ కూర్చున్న చోట కూర్చుని, ఆకు కొనబోయే ప్రతి మనిషినీ పిలిచి ఆమె సంగతి చెప్పింది. "నవ్విందాన్ని నేనే," అని ఏడ్చింది.

ఇప్పటికీ ఆ వైపు నేలతంగేడు ఆకు ఊరికే చేతిలో పెట్టరు. అడగాల్సినవి అడిగి, "సుంకమ్మా, ఇయ్యొచ్చునా?" అని కాసేపు ఆగుతారు. ఆ కాసేపట్లో మనసు ఒప్పుకోకపోతే ఆకు తిరిగి గోనెలో వేసేస్తారు. కొనడానికి వచ్చినవాళ్లు కోప్పడరు. దండం పెట్టి, వైద్యుడి ఇంటి దారి పడతారు.