చింతకాయలూ, నూకరత్నం సన్నాయీ

అనగనగా ఒక ఊళ్ళో, సన్నాయి మోగందే అమ్మవారు గడప దాటని ఊళ్ళో, నూకరత్నం అని ఒక పిల్ల ఉండేదమ్మా. వాళ్ళ నాన్న సన్నాయి ఊదేవాడు, తాత డోలు కొట్టేవాడు. నాన్న ఆయాసంతో మంచం పట్టాడు. అప్పుడు నూకరత్నం సన్నాయి చేతికి తీసుకుంది.

ఊరిపెద్ద సూరినాయుడు మీసం దువ్వుకుంటూ, "ఆడపిల్ల ఊదితే ఎవరు వింటారే? అమ్మవారి సంబరం మూడు రోజులూ ఊది చూడు. మూడోనాటికి జనం కూచోకపోతే పొరుగూరి మేళం వస్తుంది" అన్నాడు. అంటే ఇంక వాళ్ళింట్లో సన్నాయి మూలపడ్డట్టే.

మొదటిరోజు నూకరత్నం గుడి అరుగెక్కింది. ముందు వరసలో పిల్లకోతుల్లాంటి పిల్లలు కూచున్నారు. పచ్చి చింతకాయలు ఉప్పులో అద్ది, దాని మొహంకేసి చూస్తూ కొరికారు. నీకు నోరూరింది కదూ? దానికీ ఊరింది. నోరూరితే సన్నాయి పలకదమ్మా, కీచుమంది. జనం నవ్వుకుంటూ లేచిపోయారు.

రెండోరోజు చింతకాయలు కనపడకుండా కళ్ళు గట్టిగా మూసుకుని ఊదింది. ఒక్క తప్పు లేదు. తీరా కళ్ళు తెరిస్తే ఎదురుగా ఒక కుక్క మాత్రం ఉంది.

"బాగానే ఊదావే. కానీ నువ్వు జనాన్ని చూడకపోతే జనం నిన్నెందుకు చూస్తారు?" అన్నాడు తాత. నూకరత్నం బావురుమంది. ఆ తర్వాత ముక్కు చీదుకుని, "రేపు కళ్ళు మూయను తాతా" అంది. మొండిఘటం.

మూడోరోజు అరుగు దిగి, నేరుగా ఆ పిల్లల ముందుకే పోయి నిలబడింది. అందరిలోకీ కోతిపిల్లాడు చింతకాయ నోటిదాకా తెచ్చాడు. అప్పుడు అది, వాళ్ళు వీధిలో ఆడుకునే చప్పట్లాట వరస అందుకుంది. సగం ఊది, ఠక్కున ఆపి, వాడి కళ్ళలోకి చూసింది. మిగతా సగం చప్పట్లదే కదా! వాడికి చెయ్యి ఆగుతుందా? చింతకాయ జేబులో కుక్కి కొట్టాడు. ఆ తర్వాత పిల్లలంతా కొట్టారు, ఆ తర్వాత వాళ్ళ అమ్మలు కొట్టారు. చివరికి సూరినాయుడు కూడా మీసం వదిలేసి రెండు చేతులూ కలిపాడు.

ఇంక అది ఎంతసేపు ఊదితే అంతసేపూ ఒక్కరూ లేవలేదు. ఇంటిదగ్గర మంచం మీద వాళ్ళ నాన్న ఆ చప్పట్లు విన్నాడు. విని, మంచంకోడు మీద వేళ్ళతో తాళం వేశాడమ్మా.

చప్పట్లు చేతికి, చింతకాయ రోటికి,
కథేమో కంచికి, మనమేమో మంచానికి.